బీరపీచు, పగడపు దిబ్బ, విరిగిన ఎముక

"యాక్సిడెంట్లో ఎముక ముక్క పోతే ఆ ఖాళీలో సిమెంటు పోస్తారా, మామయ్యా?" అని ఇంటర్ చదివే మా మేనకోడలు అడిగింది. జవాబు చెప్పేముందు ఎండిన బీరపీచు ముక్కనీ, టీవీ పెట్టెలోని థర్మోకోల్ ముక్కనీ రంగునీళ్ళ బకెట్లో వేయించాను.

రెండూ ముప్పాతిక మూడొంతులు ఖాళీయే. అయినా థర్మోకోల్ పైపైన తడిసి తేలింది. పీచు మాత్రం క్షణంలో నడిమధ్య దాకా ఎర్రబడింది. థర్మోకోల్‌లో ప్రతి గాలిగదికీ అన్నివైపులా గోడలే. పీచులో గదికీ గదికీ మధ్య తలుపులున్నాయి.

ఎముక ముక్క పోయిన ఖాళీలో, కొత్త ఎముక అల్లుకుని పెరగడానికి ఆసరాగా పెట్టే పరంజాకు కావలసింది ఈ తలుపులే. రక్తనాళానికి 0.2 మిల్లీమీటర్ల కంటే దూరమైతే కణానికి ఆక్సిజన్ అందడం కష్టం. కాబట్టి నాళాలు కూడా లోపలికి పాకాలి. రంధ్రం కనీసం 100 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండాలి, 300 దాటితే మరీ మంచిది. గది 500 మైక్రాన్లున్నా తలుపు 10 మైక్రాన్లే అయితే కణజాలం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అలాగని తలుపులు మరీ పెంచితే బరువు మోసే గోడ మిగలదు.

ఇలాంటి కట్టడం సముద్రంలో రెడీగా ఉంది! పగడపు దిబ్బలు కట్టే కొన్ని పగడాల అస్థిపంజరం అచ్చం ఇలా గుల్లగా ఉంటుంది. 1974లో డెల్లా రాయ్, లినహాన్ అనే పరిశోధకులు దాన్ని అమ్మోనియం ఫాస్ఫేట్ ద్రావణంలో ఉంచి 260 డిగ్రీల సెల్సియస్ వేడి, దాదాపు వెయ్యి వాతావరణాల పీడనం ఇచ్చారు. కార్బొనేట్ పోయి ఫాస్ఫేట్ చేరింది. కాల్షియం కార్బొనేట్ కాస్తా హైడ్రాక్సీఅపటైట్ అయింది. మన ఎముకలోని ఖనిజం ఆ కుటుంబానిదే. రసాయనం మొత్తం మారినా ఒక్క తలుపూ మూసుకోలేదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరించే విషయం ఇది.

కుజదోషానికి వేలికి పెట్టుకునే ఎర్ర పగడం వేరే జాతిది, గట్టిగా ఉంటుంది. దానివల్ల గ్రహాలూ కదలవు, ఎముకలూ అతకవు. పిల్లలకు ఈ తేడా తరగతిలోనే చెప్పాలి.

"మేస్త్రీలు పరంజా విప్పేస్తారుగా, దీన్నెవరు విప్పుతారు?" అంది మళ్ళీ. అసలు చిక్కు అదే. హైడ్రాక్సీఅపటైట్ ఏళ్ళ తరబడి కరగదు, పైగా పెళుసు. అందుకే కరిగిపోయే కుట్లకు వాడే పాలిమర్ల జాతిని తెచ్చారు. పాలీలాక్టిక్ ఆమ్లం ఒంట్లో నీటితో కలిసి, పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లంగా విడిపోతుంది. అయితే ముక్క లావుగా ఉంటే ఆ పులుపు బయటికి పోలేక మధ్యలో పేరుకుంటుంది, దాంతో లోపలిభాగం ముందే విడిపోయి కూలుతుంది. పాలిమర్‌లో కాల్షియం ఫాస్ఫేట్ పొడి కలిపితే అది ఆ పులుపును విరుస్తుంది. అలా విరుస్తూ తాను కరిగి వదిలిన కాల్షియం, పక్కనే మొలుస్తున్న కొత్త ఎముకకు సరుకవుతుంది.