క్యాష్ క్లియర్ కొడితే యాప్ స్పీడ్ అవతాదా? అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో రొయ్యల రైతుల కోసం యాప్ నడుపుతా ఉన్నాం, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగతాయో ఆ లెక్క) రేట్లు, మేత లెక్క, చెరువు రికార్డు అన్నీ అందులోనే. ఇందుకూరుపేట, విడవలూరు వైపు నుంచి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకటే మాట, "అన్నా, పొద్దున్నే క్లియర్ కొట్టినా కూడా మీ యాప్ తిరగతానే ఉంది". కొట్టినా కూడా కాదన్నా, కొట్టబట్టే.

అపోహ: రోజూ క్యాష్ క్లియర్ చేస్తే యాప్ స్పీడ్ అవతాది, డేటా మిగలతాది.

వాస్తవం: రెండూ తిరగబడతాయి. క్యాష్ అంటే చెత్తా కాదు, వైరసూ కాదు. ఒకసారి దిగిన వైట్‌స్పాట్ రోగం ఫొటోలు, మందుల బొమ్మలు, నిన్నటి రేట్లు మళ్లీ టవర్ దాకా పోకుండా ఫోన్‌లో దాచుకున్న సరుకు అది. యాప్ తెరిచినప్పుడు "ఇది మారిందా" అని సర్వర్‌ని అడుగుతాది, మారకపోతే సర్వర్ 304 అని చిన్న జవాబు పంపి ఊరుకుంటాది, ఫొటో మళ్లీ దిగదు. ఎప్పుడూ మారని బొమ్మలకైతే గడువు ముందే రాసి పంపుతాం, అడిగే పని కూడా లేదు. 150 కేబీ ఫొటోలు 40 ఉన్నాయనుకోండి, మొత్తం 6 ఎంబీ, మీరు క్లియర్ కొట్టిన ప్రతిసారీ ఆ 6 ఎంబీ గట్టు మీద ఆ ఒక్క గీత సిగ్నల్‌లో మళ్లీ రావాల. రోజూ సాయంత్రం మేత బస్తాలు ఊళ్లోకి మోసుకుపోయి పొద్దున్నే మళ్లీ గట్టుకి తెచ్చుకున్నట్టు.

ఇంతకంటే ఘోరం దాని పక్కనే ఉండే క్లియర్ డేటా. మైపాడు వైపు మాకు తెలిసిన రైతు ఒకాయన, సిగ్నల్ లేని చెరువు, మేత ఎంట్రీలు చాలా రోజులవి సింక్ కాకుండా, అంటే మా సర్వర్‌కి చేరకుండా, ఫోన్‌లోనే ఉన్నాయి, ఫోన్ స్లో అని సెల్ షాపులో ఇస్తే ఆ కుర్రాడు అన్ని యాప్‌లకీ క్లియర్ డేటా కొట్టేశాడు. లాగిన్ పోయింది, సరే ఓటీపీతో మళ్లీ వస్తాది, మేత లెక్క యాడ నుంచి తెస్తాం? రొయ్యల పట్టుబడి రోజు ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పట్టిందో ఆ లెక్క) తేల్చుకోడానికి ఆయన ఖాళీ మేత సంచులు లెక్కపెట్టుకున్నాడు. నాకైతే ఆ కుర్రాడి మీద కంటే వాట్సాప్‌లో ఈ చిట్కాలు తిప్పే వాళ్ల మీదే కోపం.

ఫోన్ నిండిపోతాదేమో అని భయపడే వాళ్లని మాత్రం ఏమీ అనను, చెరువులో లక్షలు పోసి కూర్చున్నోళ్లకి ఆ ఫోన్ ఎంత అవసరమో తెలుసు. జాగా తగ్గినప్పుడు ఆండ్రాయిడ్ తనంతట తనే క్యాష్ తీసేస్తాది, మీరు రోజూ తుడవాల్సిన పని లేదు. యాప్ నిజంగానే మొరాయిస్తే, పాత బొమ్మే పట్టుకుని కూర్చుంటే, అప్పుడు క్యాష్ ఒక్కటే కొట్టండి, అదీ సింక్ అయిందో లేదో చూసుకున్నాకే. ఇంట్లో వైఫై ఉంటే బయల్దేరే ముందు యాప్ తెరిచి రెండు మూడు పేజీలు తిప్పండి, చాలావరకు అక్కడే దిగిపోతాది.

మిగతావి గబగబా. సిగ్నల్ ఫుల్ గీతలు ఉంటే నెట్ స్పీడ్ అనేది తప్పు, గీతలు చెప్పేది టవర్ నుంచి సిగ్నల్ ఎంత గట్టిగా వస్తా ఉందో, ఆ టవర్ మీద ఎంత మంది ఎక్కి కూర్చున్నారో అవి చెప్పవు, అందుకే సాయంత్రం ఫుల్ గీతలున్నా వీడియో ఆగతాది. 5జీ వస్తే అన్నీ సర్దుకుంటాయంటారు, 2022 అక్టోబర్‌లో మొదలైంది కదా, స్పీడ్ ఇచ్చే 3500 మెగాహెర్ట్జ్ బ్యాండ్ దూరం పోదు, చెరువుల దాకా రావాలంటే టవర్ దగ్గర్లో ఉండాల. రేట్లు నిమిషం నిమిషానికీ ఎందుకు మార్చరు అని తిట్టే వాళ్లకి, ఒక్క చిన్న రిక్వెస్ట్‌కి లేచిన ఫోన్ రేడియో పని అయ్యాక కూడా కొన్ని సెకన్లు మేలుకునే ఉంటాది, బ్యాటరీ తాగేది అదే, అందుకే అన్నీ మూట కట్టి ఒకేసారి తెస్తాం. ఇంక సెట్టింగ్స్‌లో పోయి ఫోర్స్ స్టాప్ కొట్టి "రేటు మెసేజ్ రాలేదు" అని ఫోన్ చేసే వాళ్లు, మళ్లీ మీ చేత్తో యాప్ తెరిచేదాకా ఏ నోటిఫికేషనూ రాదు, మేం ఇక్కడి నుంచి ఎన్నిసార్లు పంపినా సరే.