ఇన్‌సోల్ కొనే ముందు: కొండదారుల్లో నడిచేవాళ్ల అపోహలు – వాస్తవాలు

నేను నెల్లూరులో ఫిజియోథెరపిస్టుని. ఈమధ్య నా దగ్గరికి మడమ నొప్పి, మోకాలి నొప్పి, అరికాలి మంట అంటూ వచ్చేవాళ్లలో పెంచలకోన, ఉదయగిరి దుర్గం, భైరవకోన వైపు ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లు, కొండదారుల్లో పరుగు మొదలుపెట్టిన కుర్రవాళ్లు, ఇక్కణ్ణించి తిరుమలకి కాలినడకన పోయే భక్తులు బాగా పెరిగారు. వచ్చేసరికే చాలామంది ఎవరో చెప్పారని ఒక జత ఇన్‌సోల్ (షూ లోపల పాదం కింద వేసే అట్ట) కొని షూలో వేసుకొని ఉంటారు. ఇన్‌సోల్‌కి నేను వ్యతిరేకం కాదు, చాలామందికి నేనే రాసిస్తాను. నా బాధంతా కొనే పద్ధతి గురించి. ఇన్‌సోల్ మనకి సరిపోతుందా లేదా అన్నది షాపులో బొటనవేలితో నొక్కితే తేలేది కాదు, పాదం కొలిచే మెషీను మీద నిలబడితే తేలేదీ కాదు. మీ సొంత షూలో వేసుకొని, కాళ్లు కాస్త అలిసిపోయాక, దిగుడులో నడిస్తే తేలుతుంది.

అపోహ: ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది.

అందరూ మొదట చెప్పే మాట ఇదే. గట్టి ఇన్‌సోల్ చేతికిస్తే "ఏంది మేడం, ఇంత రాయిలా ఉంది" అంటారు. మైపాడు బీచ్‌లో పొడి ఇసుక మీద ఓ కిలోమీటరు నడిచి చూడండి. అడుగు పెట్టగానే సుఖంగానే ఉంటుంది, కాసేపటికి పిక్కలు పట్టేస్తాయి, ఎందుకంటే మడమ దిగబడిన ప్రతిసారీ పాదాన్ని నిలబెట్టే పని కండరాల మీద పడుతుంది. బాగా మెత్తగా ఉండే జెల్ ఇన్‌సోల్ రాళ్లదారిలో చేసేది కూడా అంతే. కొండదారిలో పాదం ఎప్పుడూ ఒక పక్కకి ఒరుగుతూనే ఉంటుంది, అప్పుడు కావలసింది మడమని గిన్నెలా పట్టుకునే లోతు, పాదం వంపు కింద కుంగిపోని ఆకారం. 2017లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసిన సమీక్ష ఒకటి వచ్చింది. పాదానికి ఆకారంతో ఆసరా ఇచ్చే ఇన్‌సోల్స్ వేసుకున్నవాళ్లలో గాయాలు, ముఖ్యంగా ఎముక సన్నగా చిట్లే స్ట్రెస్ ఫ్రాక్చర్లు తగ్గాయి, అదురు తగ్గించడానికని వేసిన మెత్తటి రకాల వల్ల తగ్గినట్టు తేలలేదు. ఆ పరీక్షల్లో ఎక్కువ భాగం సైనిక శిక్షణలో ఉన్నవాళ్ల మీద జరిగాయి, కాబట్టి అక్షరాలా మనకి వర్తిస్తుందనను, కానీ మూటలు మోస్తూ మైళ్లు నడిచే పాదాలు అవి కూడా.

అపోహ: తడి పాదం ముద్ర చూసి ఇన్‌సోల్ ఎంచుకోవాలి.

కాలు తడిపి గచ్చు మీద పెట్టడం, ముద్ర నిండుగా పడితే "నాకు ఫ్లాట్ ఫుట్" (వంపు లేని చదును పాదం) అని టెన్షన్ పడటం. ఆ ముద్ర మీరు కదలకుండా నిలబడినప్పటిది, పరుగెత్తేటప్పుడు పాదం ఎలా పనిచేస్తుందో అది చెప్పదు. అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్ దళాల శిక్షణలో ఇదే పరీక్షించారు, ఫలితాలు 2009, 2010లలో వచ్చాయి. సగం మందికి పాదం వంపుని బట్టి షూ ఇచ్చారు, మిగతా సగానికి వంపు చూడకుండా అందరికీ ఒకే రకం ఇచ్చారు. గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది షూ మీద జరిగిన పరీక్ష, ఇన్‌సోల్ మీద కాదు, అయినా వంపు చూసి సరుకు అంటగట్టే పద్ధతి మీద నాకు నమ్మకం పోవడానికి అది చాలు.

ఇన్‌సోల్ మీదే జరిగిన పరీక్ష 2001లో కెనడాలోని కాల్గరీ పరిశోధకులు ప్రచురించారు. 206 మంది సైనికుల్లో ఒక గుంపు ముందు ఆరు రకాల ఇన్‌సోల్స్ పెట్టి, ఎవరికి ఏది హాయిగా ఉంటే అది వాడుకోమన్నారు. ఒక్కొక్కరు ఒక్కోటి ఎంచుకున్నారు, నాలుగు నెలల తర్వాత చూస్తే అసలు ఇన్‌సోల్ వేసుకోనివాళ్ల కంటే వీళ్లకి నొప్పులు, స్ట్రెస్ ఫ్రాక్చర్లు తక్కువగా ఉన్నాయి. మీ పాదానికి హాయి అనిపించడం చిన్న విషయం కాదు, అది కొలతే. కానీ ఆ హాయి నడిచి చూసుకున్న హాయి అయ్యుండాలి.

ఫ్లాట్ ఫుట్ గురించి భయం ఉన్నవాళ్లు గోడ పట్టుకొని మునివేళ్ల మీద లేవండి, వెనక నుంచి ఇంట్లో ఎవరినైనా చూడమనండి. లేచినప్పుడు వంపు కనిపించి మడమ కాస్త లోపలికి తిరిగితే మీ పాదం మెత్తగా కదిలే రకం, నొప్పి లేకపోతే దాన్ని అలా వదిలేయండి. వంపు రాకపోయినా, ఒంటికాలి మీద లేవలేకపోయినా, ఒక్క పాదమే ఈమధ్య చదునైనా ఎముకల డాక్టరుకి చూపించాలి, ఇన్‌సోల్ షాపుకి కాదు.

అపోహ: అచ్చు తీసి చేయించిన ఖరీదైనదే పనిచేస్తుంది.

మడమ నొప్పి ఉన్న 135 మందికి ఆస్ట్రేలియాలో మూడు రకాలు ఇచ్చి ఏడాది పాటు చూశారు: ఉత్తుత్తి ఇన్‌సోల్, రెడీమేడ్ ఇన్‌సోల్, అచ్చు తీసి చేసినది. 2006లో వచ్చిన ఫలితం ఏమిటంటే, మూడు నెలలకి రెడీమేడ్, అచ్చు తీసి చేసినది రెండూ కొద్దిగా మేలు చేశాయి, ఒకదాన్ని మించి ఇంకొకటి చేసిందేమీ లేదు, ఏడాదికి ఆ కాస్త తేడా కూడా మిగల్లేదు. పాదం ఆకారం మారిపోయినవాళ్లకి, కీళ్లవాతం ఉన్నవాళ్లకి అచ్చు అవసరం పడుతుంది. మిగతావాళ్లు మొదట మామూలు రెడీమేడ్‌తో మొదలుపెట్టండి.

ఇక ఎలా పరీక్షించాలో వివరంగా చెప్తాను, ఎక్కువమంది తప్పుతున్నది ఇక్కడే.

షూతో వచ్చిన లోపలి అట్టని తీసేయండి. దాని మీదే కొత్తది వేసేవాళ్లు ఎంతమందో. అలా వేస్తే మడమ పైకి లేచి షూ అంచు పట్టు తప్పుతుంది, ముందువైపు వేళ్లు ఇరుకవుతాయి. తీసిన అట్టని కొత్త ఇన్‌సోల్ మీద మడమలు కలిపి పెట్టి గీత గీసి, వేళ్ల వైపు మాత్రమే కొంచెం కొంచెంగా కత్తిరించండి, మడమ వైపు కత్తెర పెట్టొద్దు. సైజు చూసేటప్పుడు పాదం మొత్తం పొడవు కన్నా మడమ నుంచి బొటనవేలి మొదట్లో ఉండే కణుపు దాకా ఉన్న దూరం ముఖ్యం. ఒకే సైజు షూ వేసే ఇద్దరికి కూడా ఈ దూరం వేరుగా ఉంటుంది, అది కుదరకపోతే ఇన్‌సోల్ ఎత్తు సరిగ్గా వంపు కిందికి రాకుండా కణుపు వెనక పొడుస్తుంది.

రెండు రకాల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే ఎడమ షూలో ఒకటి, కుడి షూలో ఇంకొకటి వేసి చదును నేల మీద పది నిమిషాలు నడవండి, తర్వాత మార్చి వేసుకొని ఇంకో పది నిమిషాలు. పాదం తేడాని వెంటనే చెప్తుంది. ఇది నడకకే, అలా వేసుకొని పరుగెత్తొద్దు.

తర్వాతది దిగుడు. మన టౌను చదును నేల, కాబట్టి ఫ్లైఓవర్ దిగుడైనా సరే, ఇంకా మంచిది నరసింహకొండ దారి. కాసేపు నడిచి సాక్సులు చెమటకి తడిశాక దిగండి. పైన గుడ్డ నున్నగా ఉన్న ఇన్‌సోల్ అయితే పాదం ముందుకి జారి వేళ్లు షూకి కొట్టుకుంటాయి, గోళ్లు నల్లబడేది ఇలాగే. చాలామంది షూ చిన్నదైందనుకుంటారు, చాలాసార్లు జారుతున్నది పాదం. లేసుల పై కన్నం దాకా బిగించి మళ్లీ దిగి చూడండి. అప్పటికీ జారుతుంటే ఆ ఇన్‌సోల్ మీకు పనికిరాదు. వంపు లోపలి అంచు దగ్గర వేడిగా రాపిడి తెలిస్తే అక్కడ బొబ్బ రాబోతోందని అర్థం. వంపు కింద కొత్తగా ఏదో తగులుతున్నట్టు ఉండటం మామూలే, రోజుకి గంటా రెండు గంటలు చొప్పున పెంచుకుంటూ పోతే కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. తిమ్మిరి, సూది పోటు, మోకాల్లో కొత్త నొప్పి వస్తే సర్దుకుంటుందని ఎదురుచూడొద్దు, తీసేయండి.

కానిస్టేబుల్ సెలక్షన్లకి ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో ప్రాక్టీసు చేసే తమ్ముళ్లకి ఒక మాట: 1600 మీటర్ల పరుగు రోజున కొత్త ఇన్‌సోల్ వేయొద్దు. తిరుమల నడకకి బయల్దేరే రోజున కూడా అంతే.

అపోహ: ఇన్‌సోల్ వేస్తే మడమ నొప్పి నయమైపోతుంది.

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పొడిచే నొప్పికి ఇన్‌సోల్ ఊరటనిస్తుంది, అంతవరకే. డెన్మార్క్‌లో చేసిన ఒక పరీక్షలో అందరికీ షూ ఇన్‌సర్ట్‌లు ఇచ్చి, ఒక గుంపుకి పాదం సాగదీసే వ్యాయామం, ఇంకో గుంపుకి బరువుతో మడమలెత్తే వ్యాయామం నేర్పారు. మూడు నెలలకి మడమలెత్తినవాళ్లు బాగా ముందున్నారు. ఇంట్లో చేసుకోవచ్చు. మెట్టు అంచున నిలబడి, టవల్ చుట్టి కాలివేళ్ల కింద పెట్టుకొని, ఒంటికాలి మీద మూడు లెక్కపెట్టేలోగా మెల్లగా లేవాలి, రెండు లెక్కపెట్టేదాకా ఆగాలి, మూడు లెక్కకి దిగాలి. రోజు విడిచి రోజు. తేలికయ్యాక వీపున బ్యాగులో పుస్తకాలు వేసుకోవాలి. ఇన్‌సోల్ అందరూ కొంటారు, ఇది చేసేవాళ్లు తక్కువ. చేసినవాళ్లే మళ్లీ కొండెక్కుతున్నారు.

అపోహ: మంచి ఇన్‌సోల్ ఉంటే రాళ్లు గుచ్చుకోవు. రాయిని ఆపేది షూ అడుగు, లోపలి ఇన్‌సోల్ కాదు. అడుగు అరిగిపోయిన షూలో ఎంత మంచిది వేసినా డబ్బు దండగ.

అపోహ: ఒకసారి కొంటే షూ మారినా అదే వాడొచ్చు. ఫోమ్ చదునైపోయి, పైన వేళ్ల గుంతలు పడితే దాని పని అయిపోయినట్టే. మన ఎండలు కూడా దాన్ని తినేస్తాయి. రోహిణి కార్తెలో బండి డిక్కీలో షూ పెట్టి ఊరుకుంటే ఫోమ్ ముడుచుకుపోతుంది. కడిగాక నీడలో ఆరబెట్టండి, డాబా మీద కాదు.

చివరగా షుగర్ ఉన్నవాళ్లకి. షూలో వేసుకొని నడిచి చూసుకోమని పైన చెప్పిన పరీక్షలన్నీ పాదానికి స్పర్శ తెలిసినవాళ్లకే. మీ పాదం మీకు నిజం చెప్పకపోవచ్చు, రాపిడి జరిగినా నొప్పి తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. నైలాన్ దారం లాంటి మోనోఫిలమెంట్‌తో పాదం మీద చేసే స్పర్శ పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది, ముందు అది చేయించుకోండి. స్పర్శ తగ్గితే ఆన్‌లైన్‌లో కొన్న గట్టి ఇన్‌సోల్ వద్దు, మెత్తటి రబ్బరుతో చేసే ఎమ్‌సీఆర్ చెప్పులో, మీ పాదానికి తగ్గట్టు చేసిన షూనో డాక్టరు చెప్పినట్టు వాడండి. పాదయాత్రకి వెళ్తే ఆగిన ప్రతి చోటా షూ విప్పి అద్దం పెట్టి అరికాలు చూసుకోండి, కనపడకపోతే పక్కనున్నవాళ్లని చూడమనండి. ఎర్రటి మచ్చ కనిపించి అరగంటైనా తగ్గకపోతే ఆ రోజుకి నడక ఆపేసి డాక్టరుకి చూపించండి.