సిడ్నీ హార్బర్ వంతెన: ఆ రాతి టవర్లు కమానును మోయడం లేదు

వంతెనల డిజైన్ నా వృత్తి. 1932 మార్చి 19న ప్రారంభమైన ఈ ఉక్కు కమాను మీద తరచూ వినిపించే కొన్ని మాటలను సరిచేయాలనిపించింది.

అపోహ: రెండు చివర్లా ఉన్న రాతి టవర్లే వంతెనను నిలబెడుతున్నాయి.

వాస్తవం: 89 మీటర్ల ఎత్తున్న ఆ టవర్లు కమాను బరువును మోయవు. గ్రానైట్ తొడిగిన ఆ కట్టడాలు ప్రధానంగా అందం కోసం, చూసేవాళ్లకు వంతెన మీద ధీమా కలగడం కోసం. అసలు బరువంతా కమాను అడుగున ఉన్న నాలుగు ఉక్కు బేరింగుల (కమాను కాళ్లు ఆనే కీళ్ల లాంటి ఆధారాలు) మీదే పడుతుంది. పైన బరువు పెరిగేకొద్దీ కమాను తన కాళ్లను బయటికి తన్నుతుంది. ఒక్కో బేరింగు మీద ఆ ఒత్తిడి దాదాపు 20,000 టన్నుల దాకా ఉంటుంది. అదంతా ఏటవాలుగా పునాదుల్లోకి, అక్కడి నుంచి గట్టి ఇసుకరాయిలోకి దిగుతుంది. ఒడ్డున అలాంటి రాయి దొరకబట్టే ఇక్కడ కమాను కుదిరింది. ఫొటోలన్నీ టవర్లవే. నేనైతే ముందు ఆ బేరింగులనే చూడమంటాను.

అపోహ: ఉక్కు వంతెన కదిలిందంటే ప్రమాదమే.

వాస్తవం: ఎండకు ఉక్కు వ్యాకోచించి కమాను నడినెత్తి 18 సెంటీమీటర్ల వరకు పైకి లేస్తుంది, చల్లబడితే దిగుతుంది. అందుకు వీలుగా బేరింగుల్లో ఇరుసుల్లాంటి పిన్నులు పెట్టారు. కదలనివ్వకుండా బిగించి ఉంటేనే టెన్షన్ పడాలి.

అపోహ: నీళ్లలో ఆధారాలు పాతి, వాటిపై కమానును పేర్చారు.

వాస్తవం: ఓడలు తిరిగే దారి అది, అడ్డం పెట్టే వీలే లేదు. రెండు ఒడ్డుల నుంచీ చెరో సగం కమానును గాల్లోకి పెంచుకుంటూ వచ్చారు. ఒక్కో సగం ముందుకు ఒరిగిపోకుండా 128 కేబుళ్లతో వెనక్కి లాగి పట్టారు. ఆ కేబుళ్లను రాతిలో గుర్రపు నాడా ఆకారంలో తొలిచిన సొరంగాల గుండా తిప్పి తెచ్చారు. రెండు సగాలూ దగ్గరపడ్డాక కేబుళ్లను కొద్దికొద్దిగా వదులు చేస్తూ, 1930 ఆగస్టు 19న కలిపారు. ఈ వంతెన చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే పని ఇదే. ఈ వంతెన నిర్మాణంలో 16 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ సంగతి చెప్పకుండా దీని గొప్పతనం చెప్పకూడదు.

అపోహ: ప్రారంభమైన నాటికి ప్రపంచంలోకెల్లా పొడవైన కమాను ఇదే.

వాస్తవం: దీని స్పాన్, అంటే కమాను రెండు కాళ్ల మధ్య దూరం, 503 మీటర్లు. అంతకు కొన్ని నెలల ముందే, 1931 నవంబరులో తెరిచిన అమెరికాలోని బేయాన్ వంతెన స్పాన్ ఇంతకన్నా అర మీటరుకు కాస్త ఎక్కువ. అయితే సిడ్నీ వంతెన దానికన్నా చాలా వెడల్పైనది. రైళ్లను కూడా మోస్తుంది.

అపోహ: రివెట్లు (ఉక్కు పలకలను కలిపి బిగించే మేకుల్లాంటివి) పాతకాలం పద్ధతి, ఈపాటికి వదులై ఉంటాయి.

వాస్తవం: ఇందులో సుమారు 60 లక్షల రివెట్లున్నాయి. ఎర్రగా కాల్చి దిగగొట్టిన రివెట్ చల్లారేటప్పుడు కుంచించుకుని పలకలను గట్టిగా బిగిస్తుంది. రివెట్లకన్నా ఎక్కువగా భయపడాల్సింది తుప్పుకు. పలకల సందుల్లో నీరు నిలిస్తే లోపల్లోపలే తినేస్తుంది. అందుకే పెయింటింగ్ ఎప్పుడూ ఏదో ఒక భాగంలో సాగుతూనే ఉంటుంది. సీసం కలిసిన పాత రంగును తొలగించేటప్పుడు దుమ్ము బయటికి పోకుండా ఆ భాగాన్ని మూసి పనిచేయాలి. కొన్ని చోట్ల ఈ పనికి రోబోలను కూడా వాడారు.