సంచీకీ సూచీకీ మధ్య

2025 నవంబరు 12 సాయంత్రం. అక్టోబరు నెల రిటైల్ ద్రవ్యోల్బణం 0.25 శాతమని టీవీలో చదివారు. చిక్కుడుకాయలకు పీచు తీస్తున్న మా పిన్ని తలెత్తింది. "పావు శాతమా? అంటే నూటికి పావలా పెరిగిందా? వచ్చే నెల పెళ్లికని నిన్న నల్లపూసలు చేయిద్దామని కొట్టుకు వెళ్లి, ధర విని ఊరికే తిరిగొచ్చాం. ఆ లెక్క వేసేవాళ్లను ఒకసారి మా ఇంటికి రమ్మను."

పది గ్రాముల మేలిమి బంగారం లక్షా ఇరవై వేలు దాటిన రోజులవి. పిన్ని మాటలో వేళాకోళం ఉంది కానీ తప్పు లేదు. టీవీ చెప్పిన అంకెలోనూ తప్పు లేదు. రెండూ ఒకేసారి నిజమెలా అయ్యాయో తెలియాలంటే ఆ అంకె పుట్టే చోటికి, అంటే ఇళ్లలో కొనే సరుకుల ధరలన్నిటినీ ఒకే అంకెగా కలిపే వినియోగదారుల ధరల సూచీ దగ్గరికి వెళ్లాలి.

మొదట, ఆ శాతం దేనితో పోల్చి చెప్పింది? నిన్నటితోనూ కాదు, కిందటి నెలతోనూ కాదు. ఏడాది కిందటి అదే నెలతో. 2024 అక్టోబరులో కూరగాయలు అంతకుముందు ఏడాది కన్నా 42 శాతం ప్రియమయ్యాయి. 2025 అక్టోబరులో అవే కూరగాయలు 27 శాతానికి పైగా దిగాయి. వందతో మొదలుపెడితే 142కు ఎక్కి, మళ్లీ సుమారు 103కు వచ్చినట్టు. రెండేళ్లకు కలిపి చూస్తే దాదాపు ఎక్కడి గొంగళి అక్కడే. కానీ ఎక్కిన ఏడాది పత్రికల్లో కేకలు, దిగిన ఏడాది చప్పట్లు. ఆ నెల అంకె పావు శాతానికి పడిపోవడంలో కిందటేడు మండిన కూరగాయల పాత్ర చాలా ఉంది. సెప్టెంబరు 22 నుంచి తగ్గిన జీఎస్టీ కూడా కొంత తోడైంది.

టమాటా కథ ఇంతకన్నా నాటకీయం. 2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్లో మేలు రకం కిలో రెండు వందల దాకా పలికింది. దేశం మొత్తం మీద ఆ నెల టమాటా ధర ఏడాదిలో మూడు రెట్లయింది. సూచీలో టమాటా వాటా, అంటే ఇంటి ఖర్చులో దాని పాలు, నూటికి కేవలం 0.57. అంత చిన్న వాటాను రెండు వందల శాతం పెరుగుదలతో గుణించి చూడండి, ఒక శాతానికి పైనే వస్తుంది. ఆ నెల ద్రవ్యోల్బణం 7.44 శాతం. అందులో ఒక శాతానికి పైగా ఒక్క టమాటాదే. మరుసటి ఏడాది జులైలో అంకె మూడున్నర దగ్గరికి దిగింది. పోల్చింది ఆ మండిన జులైతోనే మరి.

ఇక ఈ ధరలు ఎవరు రాసుకొస్తారు? జాతీయ గణాంక కార్యాలయం క్షేత్ర సిబ్బంది. 2026 ఫిబ్రవరికి ముందున్న పాత పద్ధతిలో దేశమంతటా 1,114 పట్టణ మార్కెట్లు, 1,181 గ్రామాలు ఎంపిక చేసుకుని, ఏ వారం ఎక్కడికి వెళ్లాలో ముందే వేసుకున్న పట్టీ ప్రకారం తిరిగేవారు. పని చూడటానికి తేలిక: దుకాణానికి వెళ్లడం, ధర అడగడం, రాసుకోవడం. కష్టమంతా 'అదే' అన్న మాటలో ఉంది. అదే దుకాణం, అదే సరుకు, అదే రకం, అదే పరిమాణం. కందిపప్పు అంటే సరిపోదు. విడిగా అమ్మేదా, ప్యాకెట్టా, ఏ కంపెనీ, ఎంత బరువు, ఏ నాణ్యత, అన్నీ మొదటి రోజే రాసిపెట్టుకుని, నెల తర్వాత నెల దాన్నే వెతుక్కుంటూ వెళ్లాలి. కాగితం మీద అచ్చేసిన గరిష్ఠ ధర కాదు, నిజంగా చేతులు మారిన ధర రాయాలి. ప్యాకెట్ మీద 200 ఉండి, కొట్టువాడు 185కు ఇస్తుంటే 185 అని రాస్తారు.

ఈ పట్టుదల ఎందుకో ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ చెబుతుంది. ధర ఐదే. కానీ 60 గ్రాములుండేది 50 అయిందనుకోండి. పిల్లవాడి చేతిలో పెట్టే నాణెం మారలేదు, అమ్మకు తేడా తెలియదు. గ్రాముకు లెక్కవేస్తే ధర 20 శాతం పెరిగింది. బరువు రాసుకున్నవాడికే ఇది దొరుకుతుంది. సరుకు కొట్లోంచి పూర్తిగా మాయమైతే దానికి దగ్గరగా ఉండే మరో రకాన్ని తీసుకుంటారు. అయితే పాతదానికీ కొత్తదానికీ ఉన్న నాణ్యత తేడా ధర పెరుగుదలగా నమోదు కాకుండా సర్దుబాటు చేయాలి. ఈ శాస్త్రంలో ఇంతకన్నా చికాకు పని లేదు. పదేళ్ల కిందటి ఫోనునూ ఇవాళ్టి ఫోనునూ ఒకే సరుకు అనగలమా?

జాగ్రత్త ఎంత ఉన్నా కొన్ని జారిపోతాయి. కూరగాయలు తూచాక కొసరుగా సంచిలో పడేసే కరివేపాకు రెబ్బ, నాలుగు పచ్చిమిరపకాయలు ఉంటాయి కదా, ధరలు మండే నెలలో మొదట ఆగిపోయేవి అవే. వంకాయ ధర మారకపోయినా అదీ ఒక పెంపే. కానీ కొసరుకు ఏ పట్టికలోనూ గడి లేదు.

సేకరించిన ధరలను కలిపే చోట ఒక చక్కని మెలిక ఉంది. ఒక కొట్లో బీన్స్ 40 నుంచి 80 అయ్యాయి. పక్క బజారులో 80 నుంచి 40 అయ్యాయి. సగటు పెరుగుదల ఎంత? మొదటిది రెండింతలు, రెండోది సగం. మామూలు సగటు తీస్తే రెండూ అరా కలిపి, రెండుతో భాగిస్తే ఒకటింబావు. అంటే 25 శాతం పెరిగినట్టు! రెండు కొట్లూ ధరలు తారుమారు చేసుకున్నాయి, అంతే కదా. అందుకే ఇక్కడ కూడి భాగించరు. గుణించి మూలం తీస్తారు. రెండును సగంతో గుణిస్తే ఒకటి, దాని వర్గమూలం ఒకటి. సూచీ కదల్లేదు. బడిలో గుణమధ్యమం అని నేర్చుకుని, పరీక్ష రాసి, మరిచిపోయామే, అదే.

ఆ గుణమధ్యమానికి ఒక బలహీనత ఉంది. దాన్ని మన రేషన్ దుకాణమే బయటపెట్టింది. 2023 జనవరి నుంచి కేంద్రం ఆహార భద్రత చట్టం కింద బియ్యం, గోధుమలు ఉచితం చేసింది. అప్పటి సూచీలో రేషన్ బియ్యం విడిగా ఒక వస్తువు. ధర సున్నా అయితే? సున్నాతో గుణిస్తే అంతా సున్నాయే. లెక్కే కూలిపోతుంది. ఇంటివాళ్లు డబ్బు పెట్టనిదానికి ధరల సూచీలో చోటెందుకని కొందరంటారు. కోట్ల కుటుంబాలు తినే బియ్యాన్ని లేనట్టు చూడటం ఏమిటని మరికొందరు. దీనిపై గణాంక శాఖ చర్చాపత్రం విడుదల చేసి అభిప్రాయాలు అడగవలసి వచ్చింది. తెలంగాణలో 2025 ఉగాదికి రేషన్‌లో సన్నబియ్యం మొదలయ్యాక చాలా ఇళ్లలో బియ్యం ఖర్చు బాగా తగ్గింది. అయినా బజారులో కిలో ధర మారనంతవరకూ సూచీకి ఆ సంగతి పట్టదు. అది కొలిచేది ధరను, ఇంటి ఖర్చును కాదు.

ఇప్పుడు పిన్ని అసలు ఫిర్యాదు: బంగారం. ఏ వస్తువుకు ఎంత వాటా అన్నది ఎవరో కూర్చుని ఊహించింది కాదు. ఇంటింటికీ వెళ్లి దేనికెంత ఖర్చు పెట్టారో అడిగే సర్వే నుంచి వస్తుంది. పిన్ని విన్న ఆ అంకెకు ఆధారం 2011-12 నాటి సర్వే. ఆహారం, పానీయాలకు నూటికి 45.86. బట్టలు, చెప్పులకు 6.53. పాన్, పొగాకు, మత్తు పదార్థాలకు 2.38. సూచీకి మంచి అలవాటు, చెడు అలవాటు అన్న తేడా లేదు. బంగారానికి 1.08. అది ఏ గుంపులో ఉండేదో తెలుసా? ఒంటి సబ్బు, టూత్‌పేస్టుల సరసన, 'వ్యక్తిగత సంరక్షణ, వస్తువులు' అన్న పేరు కింద. పిన్నికి చెబితే నమ్మలేదు.

వాటా 1.08 అయినా బంగారం ఏడాదిలో యాభై శాతానికి పైగా పెరిగింది కాబట్టి, సూచీని అర శాతానికి మించి పైకి నెట్టింది. దాన్ని పక్కన పెడితే ఆ అక్టోబరు అంకె సున్నా కిందికి జారేది. లెక్కల వాళ్లు పిన్ని బంగారాన్ని మరిచిపోలేదు. పెళ్లి ఉన్న ఇల్లూ, పెళ్లి లేని ఇల్లూ, చెవి కమ్మలు తాకట్టు పెట్టుకున్న ఇల్లూ అన్నీ కలిపి సగటు తీశారు. అసలు సగటు కుటుంబమన్నది ఏ ఊళ్లోనూ కాపురం ఉండదు.

ఇంటి అద్దెది ఇంకో తమాషా. అద్దెలు నెలనెలా మారవు కనుక ఒక్కో ఇంటిని ఆరు నెలలకోసారి అడిగేవారు. అదీ పట్టణాల్లోనే. పల్లెల్లో అద్దె సూచీ అన్నదే ఉండేది కాదు. పైగా ప్రభుత్వ క్వార్టర్లకు ఉద్యోగి వదులుకునే ఇంటి అద్దె భత్యాన్నే అద్దెగా లెక్కగట్టేవారు. 2017 జులైలో ఏడో వేతన సంఘం ప్రకారం ఆ భత్యం పెరిగింది. బయట ఏ ఇంటి యజమానీ పైసా పెంచకపోయినా, సూచీలో మాత్రం అద్దెలు ఎగిశాయి. రిజర్వు బ్యాంకు చాలా నెలలు తన ప్రకటనల్లో ఆ ప్రభావాన్ని విడదీసి చెప్పుకోవలసి వచ్చింది.

2026 ఫిబ్రవరి 12న 2024 ఆధార సంవత్సరంతో, అంటే ఆ ఏడాది ధరలను వందగా తీసుకుని, సూచీ కొత్త శ్రేణి వచ్చింది. వాటాలు 2023-24 సర్వేవి. పల్లె అద్దెలు చేరాయి, ఓటీటీ చందాలు చేరాయి, ఆన్‌లైన్ ధరలూ చూస్తున్నారు. రేడియో, టేప్ రికార్డరు, వీసీడీలు, కొబ్బరి తాడు సెలవు తీసుకున్నాయి. ఆహార, పానీయాల వాటా 36.75కు తగ్గింది. ఇది చూసి జనం తిండి తగ్గించారని రాసినవాళ్లు తొందరపడ్డారు. ఆదాయం పెరిగేకొద్దీ తిండి వాటా తగ్గడం నిజమే. కానీ హోటల్ భోజనం ఈసారి వేరే పద్దులోకి వెళ్లింది. ఇడ్లీ ఇంట్లో తింటే ఒక గడి, హోటల్లో తింటే మరో గడి.

ప్రతి నెలా 12న సాయంత్రం నాలుగింటికి, 2024 నవంబరు ముందైతే ఐదున్నరకు, అంకె విడుదలవుతుంది. మొదట తాత్కాలికం, మరుసటి నెల తుది. ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 లోపల ఉంచడం రిజర్వు బ్యాంకు బాధ్యత కాబట్టి, ఆ బ్యాంకు వడ్డీ నిర్ణయాల మీదుగా ఇంటి రుణం వాయిదా దాకా ఈ అంకె నీడ పడుతుంది. 2020 మార్చి 19న కోవిడ్ వల్ల ధరల సేకరణ ఆగినప్పుడు ఏప్రిల్, మే నెలలకు పూర్తి సూచీ వేళకు రాలేదు. కొట్లు మూసి ఉంటే 'అదే దుకాణం' ఎక్కడుంటుంది? ఆ నెలలను తర్వాత అంచనాలతో పూరించారు.

రైల్వేలో పనిచేసి రిటైరైన మా బాబాయి ఇదంతా వింటూ, "మరి నా డీఏ దీన్ని బట్టేనా?" అన్నారు. కాదు. కేంద్ర ఉద్యోగులు, పింఛనుదారుల కరవు భత్యం లెక్కకు సిమ్లాలోని లేబర్ బ్యూరో వేసే పారిశ్రామిక కార్మికుల సూచీ వేరే ఉంది. దాని సరుకుల బుట్ట వేరు, ఆధార సంవత్సరం 2016. ఒకే దేశంలో ఒకే నెలకు రెండు సూచీలు రెండు మాటలు చెప్పొచ్చు. రాష్ట్రాల వారీగా చూసినా అంతే. 2025 జూన్‌లో కేరళలో ద్రవ్యోల్బణం 6.71 శాతం ఉంటే, తెలంగాణలో సున్నాకు దాదాపు ఒక శాతం దిగువన ఉంది.

పెళ్లి డిసెంబరులో అయింది. రెండు తులాల్లో చేయిద్దామనుకున్న నల్లపూసలను పిన్ని చివరికి తులంన్నరతో సరిపెట్టింది. సూచీ బుట్టలో సరుకుల పాళ్లు మళ్లీ సర్వే జరిగేదాకా మారవు. కాబట్టి ఆ లెక్కలో మా పిన్ని ఇప్పటికీ పూర్తి రెండు తులాలకూ కొత్త ధర కడుతూనే ఉంది.