ముందు పట్టాలు, తర్వాతే ఇంజను

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మోడల్ రైలు సెట్ కొనుక్కుంటాం, ఏది కొనమంటారు అని అడిగారు కదా. మీరు పంపిన రెండు ఫొటోలూ చూశాను, రెండూ బాగానే ఉన్నాయి. కానీ ఇంజను సంగతి ఆఖర్న చూద్దాం. ఇంజను డబ్బు పెడితే దొరుకుతుంది. పట్టాలు, కంకర, స్టేషను, వంతెన మాత్రం కూర్చుని చేసుకోవాల్సిందే. ఈ హాబీలో మజా అంతా అక్కడే ఉంది.

మొదట తేల్చుకోవాల్సింది స్కేలు. ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ, అంటే అసలు రైలులో 87వ వంతు. ఆ లెక్కన మీ నాన్న రెండు సెంటీమీటర్ల మనిషి అవుతాడు! హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చవేయండి, 1,435 మిల్లీమీటర్లు వస్తుంది. అది యూరప్, అమెరికాల్లో నడిచే గేజ్. మన బ్రాడ్‌గేజ్ 1,676. అందుకే మన ఇంజను మోడల్‌ని హెచ్‌ఓ పట్టాల మీద పెడితే, కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడిన మనిషిలా కనిపిస్తుంది. సరిగ్గా ఉండాలంటే 19 మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పుతో పట్టాలు చేత్తో వేసుకోవాలి. నా మాట వింటే ఆ మూడు మిల్లీమీటర్ల గురించి ఇప్పుడు బెంగ పెట్టుకోకండి.

ఇంట్లో చోటు లేదంటే 160వ వంతు ఎన్ స్కేలు ఉంది, దాని గేజ్ 9 మిల్లీమీటర్లు. జర్మనీలోని మార్క్లిన్ కంపెనీ 1972లో జెడ్ స్కేలు తెచ్చింది. అది 220వ వంతు, గేజ్ ఆరున్నర మిల్లీమీటర్లే. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, ఫ్యాను తిరిగే మన ఇళ్లలో కాస్త దుమ్ము పడితే చాలు, ఆగిపోతుంది. మీకు వద్దు.

ఇప్పుడు టేపు తీసుకోండి. ఈ రోజుల్లో ఎక్స్‌ప్రెస్ బోగీ ఒకటి దాదాపు 24 మీటర్లు. హెచ్‌ఓలో 27 సెంటీమీటర్లు. ఇరవై రెండు బోగీలు తగిలిస్తే ఆరు మీటర్లు, అంటే ఇంజను వంటింట్లో ఉంటే గార్డు హాల్లో ఉంటాడు. ఐదు బోగీలు చాలు. అంత పొడవు బోగీలు తిరగాలంటే వంపు వ్యాసార్ధం 60 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పట్టాలు పైకెక్కే వాలు పెడితే మీటరుకు రెండు సెంటీమీటర్లకు మించనివ్వకండి. ఒక లైను మీదుగా ఇంకో లైను దాటించాలంటే ఏడున్నర సెంటీమీటర్లు ఎక్కాలి, దానికి దాదాపు నాలుగు మీటర్ల దారి కావాలి. ఎక్కినది మళ్లీ దిగాలి కూడా!

మన రాజమండ్రి ఆర్చి వంతెన చేయాలని మీలో ఒకరికి మహా సరదాగా ఉన్నట్టుంది. 1997లో వచ్చిన ఆ వంతెనకు 28 ఆర్చీలు, ఒక్కొక్కటి 97 మీటర్ల పైనే. మొత్తం చేయాలంటే హెచ్‌ఓలో 31 మీటర్లు, మీ అపార్ట్‌మెంట్ కారిడార్ కూడా చాలదు. ఒక్క ఆర్చి చేయండి. మీటరు దాటి ఓ జానెడు కూడా ఉండదు, బల్ల మీద పడుతుంది. గోదావరి ఎంత వెడల్పో చూసేవాళ్లకు తెలుసు, మిగతా ఇరవై ఏడూ వాళ్లే ఊహించుకుంటారు.

కరెంటు సంగతి తేలికే. మామూలు సెట్‌లో రెండు పట్టాలే రెండు తీగలు. పన్నెండు వోల్టుల డీసీ చక్రాల గుండా మోటారుకు వెళ్తుంది. ప్లస్, మైనస్ తారుమారు చేస్తే రైలు వెనక్కి నడుస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి: లైను చుట్టు తిరిగి వచ్చి తనలోనే కలిసేలా వేస్తే ఎడమ పట్టా కుడి పట్టాను తాకి షార్ట్ అవుతుంది. అక్కడ పట్టాలను కలిపే జాయినర్లు ప్లాస్టిక్‌వి పెట్టి ఆ ముక్కను విడదీయాలి. డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో ఒక్కో ఇంజనుకు ఒక్కో నంబరు ఉంటుంది, ఒకే లైను మీద రెండింటిని వేరువేరుగా నడపొచ్చు. అది వచ్చే ఏడాది సంగతి. గోడ సాకెట్‌లో పెట్టే అడాప్టర్‌ని మాత్రం ఎవరూ విప్పకూడదు, అందులో ఉండేది 230 వోల్టులు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని కంకర పోయడం. ఇసుకను టీ వడకట్టే జల్లెడలో జల్లించి, దాని మీద అయస్కాంతం ఆడించండి. నల్లటి రేణువులు అతుక్కుని వస్తాయి, సముద్రపు ఇసుకైతే ఇంకా ఎక్కువ. వాటిని అలా వదిలేస్తే ఇంజను మోటారులోని అయస్కాంతం లాక్కుంటుంది, మోటారు పాడవుతుంది. మిగిలిన ఇసుకను స్లీపర్ల, అంటే పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మల, మధ్య పోసి మెత్తటి బ్రష్‌తో సర్దండి. పట్టా లోపలి అంచున ఒక్క రేణువు కూడా ఉండకూడదు, చక్రం ఎక్కి పడిపోతుంది. ఫెవికాల్‌లో అంతే నీళ్లు కలిపి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేయండి. అది లేకపోతే జిగురు నీళ్లు ఇసుక మీద ముత్యాల్లా నిలిచిపోతాయి, లోపలికి ఇంకవు. డ్రాపర్‌తో చుక్కచుక్కగా వేసి రాత్రంతా ఆరనివ్వండి. పాయింట్లు, అంటే రైలును ఇంకో లైనుకు మళ్లించే పట్టాలు, కదిలే చోట జిగురు పడనివ్వకండి.

ఇక నడపడం. అందరూ పోనీయ్ పోనీయ్ అని తిప్పేస్తారు. మోడల్ రైలు సెకనుకు మీటరు పరుగెత్తితే అసలు లెక్కలో గంటకు 300 కిలోమీటర్లు దాటినట్టు! గంటకు 60 అంటే సెకనుకు 19 సెంటీమీటర్లే. అలా నడిపితేనే రైలులా ఉంటుంది. గుండ్రంగా తిప్పి తిప్పి విసుగొస్తే సింగిల్ లైను మీద రెండు స్టేషన్లు పెట్టుకోండి, ఒక్కొక్కరు ఒక్కో స్టేషన్ మాస్టరు. టోకెన్, అంటే ఆ లైను మీద వెళ్లొచ్చనే గుర్తు, చేతిలో ఉన్న రైలే కదలాలి. ప్యాసింజరు పక్కనుండే లూప్ లైన్లో ఆగాలి, క్రాసింగ్ పడిందని తిట్టుకోవాలి, ఎక్స్‌ప్రెస్ వెళ్లిపోయాకే కదలాలి. మూడోవాడు కంట్రోలర్. దెబ్బలాట ఖాయం, అయినా ఆడండి.

పాత మోడళ్లు సేకరించడం నాకు అంతగా ఎక్కలేదు. ఎవరైనా అమ్ముతుంటే మాత్రం అచ్చు పోసిన జింకు భాగాలు చూడండి. లోహంలో సీసం వంటి మలినాలు ఉంటే దశాబ్దాల తర్వాత పగుళ్లు వచ్చి పిండిలా రాలిపోతాయి, దానికి మందు లేదు.

పుణె వెళ్లినప్పుడు కొత్‌రూడ్‌లో జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం చూడండి, 1998 నుంచి ఉంది. ఆ సిగ్నళ్లు చూస్తే మీరు అక్కణ్ణుంచి కదలరు.

ప్లైవుడ్ కొనకముందు గది కొలతలు పంపండి. తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా, అదీ రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య