సరౌండ్ అనే మాటలో ఉన్న నీళ్ళు

చిరంజీవులు అమ్ములు, చిన్నబ్బాయిలకు తాతయ్య దీవించి వ్రాయునది.

ఇక్కడ మేమందరమూ క్షేమం. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరికను నిన్ననే తీసేశారు, అంటే బ్యారేజీ నుంచి సముద్రంలోకి పోయే నీరు 13 లక్షల క్యూసెక్కులకు లోబడిందన్నమాట. మన ఊరి కాజ్‌వే మీద మాత్రం ఎర్రనీరు ఇంకా మోకాలి లోతున పారుతోంది కాబట్టి, ఈ ఉత్తరం నాటుపడవలో పాయ దాటి అవతలి గట్టు మీది పోస్టాఫీసుకు చేరాలి. రెండు రోజులు ఆలస్యమైనా కంగారు పడకండి.

అమ్ములూ, నీ సందేహాన్ని మీ అమ్మ ఫోనులో చదివి వినిపించింది. టీవీలో వరద వార్తలు చూసి నువ్వు ఇంగ్లీషు నోటుబుక్కులో "మై గ్రాండ్‌ఫాదర్స్ విలేజ్ ఈజ్ సరౌండింగ్ బై వాటర్" అని వ్రాశావట. మీ టీచరుగారు ఎర్ర సిరాతో "సరౌండెడ్" అని దిద్దితే, "నీళ్ళు ఇంకా ఊరి చుట్టూ ఉన్నాయి కదా, అంతా అయిపోయినట్టు చివర 'ఎడ్' ఎందుకు పెట్టాలి?" అని అడిగావట. అడగవలసిన ప్రశ్నే. మీ నాన్న చిన్నప్పుడు ఇటువంటివి అడగక, దిద్దినదాన్ని చూసి అలాగే వ్రాసుకొని ఆటకు పోయేవాడు.

చుట్టేది ఎవరు, చుట్టబడేది ఎవరు అన్నది ముందు తేల్చుకోవాలి. చుట్టేది నీరు కాబట్టి "వాటర్ సరౌండ్స్ ద విలేజ్" అంటే సరిపోతుంది. ఊరిని ముందుకు తెచ్చి చెప్పదలచుకుంటే, ఊరు తానుగా ఏమీ చేయడం లేదు, దానికి జరుగుతున్నది, అందుకని "ద విలేజ్ ఈజ్ సరౌండెడ్ బై వాటర్" అంటాము. ఆ 'ఎడ్' గడిచిపోయిన కాలానికి గుర్తు కాదు, పని తన మీద జరిగిందనడానికి గుర్తు. మనం "దడి కట్టిన దొడ్డి" అంటాము. దడి కట్టడం ఏనాడో అయిపోయినా దడి ఇంకా నిలిచే ఉంది, 'కట్టిన' అన్నామని అది కూలిపోయినట్టు కాదు. కాలం సంగతి ఆ ముందున్న 'ఈజ్' చూసుకుంటుంది. నీరు తీసేసిన తరువాత అక్కడ 'వాజ్' పెడితే చాలు. నువ్వు వ్రాసిన 'సరౌండింగ్' కూడా పనికిరాని మాటేమీ కాదు. చుట్టుపక్కల ఊళ్ళను "ద సరౌండింగ్ విలేజెస్" అంటారు, ఎందుకంటే అక్కడ చుట్టూ ఉన్నది ఆ ఊళ్ళే.

వ్యాకరణం ఇంతే. దిద్దుబాటు సంగతి పక్కన పెడితే, ఈ క్రియకు ఒక పాత చరిత్ర ఉంది. గోదావరి నీళ్ళు తాగి పెరిగిన వంశంలో పుట్టారు కాబట్టి అది మీకు తెలిసి ఉండాలి.

సరౌండ్ అనే మాటలో 'రౌండ్' కనబడుతోంది కదా, గుండ్రంగా చుట్టడం అనే అర్థం అందులోంచే పుట్టి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. పుట్టుకలో ఆ మాటకూ గుండ్రానికీ ఏ సంబంధమూ లేదు. లాటిన్ భాషలో 'సూపర్' అంటే పైన, 'ఉండ' అంటే అల. ఆ రెండూ కలిసి 'సూపరుండారే' అని, అంచు దాటి పైనుంచి పొర్లడం అనే క్రియ అయింది. అది ఫ్రెంచివాళ్ళ నోట నలిగి, 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. వచ్చిన కొత్తలో పొలాన్ని నీరు సరౌండ్ చేసిందంటే పొలాన్ని ముంచేసిందనే అర్థం. 17వ శతాబ్దంలో గానీ చుట్టూ ఉండడం అనే నేటి అర్థం స్థిరపడలేదు. చెవికి 'రౌండ్' అని వినబడుతూ ఉండడం వల్ల జనం ఆ మాటను మెల్లమెల్లగా గుండ్రం వైపు లాక్కుపోయారు. మాటలు జనం చెప్పినట్టు వింటాయి గాని నిఘంటువులు చెప్పినట్టు వినవు.

పైనుంచి పొర్లడానికీ చుట్టూ ఉండడానికీ పొంతన ఎక్కడ అంటారేమో. రథసప్తమి నాడు మీ మామ్మ తులసికోట దగ్గర మూడు రాళ్ళు పెట్టి, పిడకల మంట మీద ఇత్తడి గిన్నెలో పాలు పొంగించడం మీరు చూశారు. పాలు మొదట గిన్నెలో అణిగే ఉంటాయి. మీగడ కట్టిన చోట చిన్న బుడగ లేస్తుంది, ఆ బుడగ పక్కకు జరుగుతుంది, ఇంతలో పాలన్నీ ఒక్కసారిగా పైకి లేచి అంచు మీదినుంచి దిగజారుతాయి. అది పొంగడం, లాటిన్‌వాళ్ళ సూపరుండారే. దిగిన పాలు ఎటు పోతాయి? మూడు రాళ్ళ చుట్టూ మడుగు కడతాయి. ఇప్పుడు రాయి వైపు నుంచి చూడండి: పైనుంచి పొంగినవే దాని చుట్టూ ఉన్నవి. పని ఒక్కటే, చూసే చోటు మారింది. గిన్నె మన నది, అంచులు ఏటిగట్లు, పిడకల మంట ఎగువన కురిసిన వానలు, రాళ్ళు మన లంకలు.

లంకలు గట్లకు బయట లేవు, రెండు గట్ల నడుమ నదిలోనే ఉన్నాయి కదా అని చిన్నబ్బాయి అడ్డు తగులుతాడు, నాకు తెలుసు. సరే, రాళ్ళు వద్దు, గిన్నె మధ్యలో ఒక కొబ్బరిచిప్పను బోర్లించామనుకోండి. పాలు పెరిగే కొద్దీ మొదట చిప్ప చుట్టూ నిలుస్తాయి, ఆ తరువాతే చిప్ప మీదికి ఎక్కుతాయి. చిప్ప తేలిపోదా అని మళ్ళీ తగువు పెట్టుకోకండి, తేలకుండా మీ మామ్మ గరిటెతో నొక్కిపట్టుకుంది అనుకోండి. పోలిక ఎంతవరకు వస్తే అంతవరకే తీసుకోవాలి.

ఆ చిప్ప మాట ఊరికే అనలేదు. 1953 వరదకు నాకు పదేళ్ళు కూడా నిండలేదు. లంకలో పుట్టనివాళ్ళు వరద అంటే నది ఎదురుగా మీదికి వస్తుందనుకుంటారు. అలా రాదు. నది వైపు ఒడ్డు మెరకగా ఉంటుంది. లంకకు వెనకవైపు, గట్టుకూ మనకూ నడుమ, ఎండాకాలంలో బండ్లు నడిచే పల్లపు పాయ ఉంటుంది. నీరు మొదట చప్పుడు లేకుండా ఆ పాయలో దూరి, దారి తెంపేస్తుంది. మనం నదికి ఎదురుగా కూర్చొని ఇంకా రాలేదులే అనుకుంటూ ఉంటే, వీపు వెనక ఊరు అప్పటికే దీవి అయిపోయి ఉంటుంది. మా తాతగారు నీటి అంచున ఒక కొబ్బరి ఈనెను గుచ్చి నన్ను కాపలా పెట్టేవారు. ఈనె మొదట్లో తడి మట్టి నల్లబడేది, దాని చుట్టూ నురుగు ఒక వలయంగా తిరిగేది, రెండు గడ్డిపోచలు వచ్చి తగులుకొనేవి, కాసేపటికి ఈనె కొస మాత్రమే కనబడేది. "మునిగింది తాతా" అని నేను కేకపెట్టగానే ఆయన పశువుల పలుపులు విప్పించి, పడవలో గట్టు మీదికి పంపించేవారు. తరువాత మా అమ్మ గాదెలోని ధాన్యం బస్తాలకెత్తి అటక మీదికి చేర్పించేది. మా లంక తోట ఆ ఏడాది మునిగింది గానీ, పశువు ఒక్కటి కూడా పోలేదు.

అంటే ఇంగ్లీషు మాట ముంచడం నుంచి చుట్టడానికి వచ్చింది, మా లంకలో నీరు చుట్టడం నుంచి ముంచడానికి పోతుంది. మాట నడిచిన దారికి గోదావరి ఎదురు నడక నడుస్తుంది. ఇది ఎందుకో నేను చెప్పలేను, తలచుకుంటే నవ్వు మాత్రం వస్తుంది.

ఆ 'ఉండ' ఇంకా చాలా ఇళ్ళకు వెళ్ళింది. సమృద్ధిగా ఉండడానికి 'అబౌండ్' అంటారు, అది పొర్లిపోయేటంత ఉండడం. వరదలో మునగడం 'ఇనండేట్'. అవసరానికి మించినది 'రిడండెంట్', అదీ ఒకనాడు పొర్లిపోయిన నీరే. మన సంస్కృతంలోనూ 'ఉంద్' అని ఒక ధాతువు ఉంది, తడపడం దాని అర్థం. ఉదకం, సముద్రం అనే మాటలను ఆ కుటుంబంలోనే చెబుతారు. లాటిన్ 'ఉండ', మన 'ఉదకం' ఒకే మూలం నుంచి చీలిన పాయలని భాషాశాస్త్రవేత్తల నిర్ణయం. మరి ఆ 'రౌండ్' సంగతి? అది చక్రం అనే అర్థంగల లాటిన్ 'రోత' నుంచి వచ్చింది, 'రోత'కూ మన 'రథం'కూ చుట్టరికం ఉంది. రథసప్తమి నాడు పాలు పొంగిస్తున్నామంటే ఆ రెండు మాటలూ ఒకే పొయ్యి దగ్గర కలుసుకున్నట్టే. ఇది కేవలం కాకతాళీయం, పరీక్షలో వ్రాయకండి.

ఇక వాడుక. 'సరౌండ్'లోనే చుట్టూ అనే అర్థం ఉంది కాబట్టి "సరౌండెడ్ ఎరౌండ్ ద హౌస్" అని దానికి ఇంకొక చుట్టూ తగిలించకూడదు. తెలుగులో "చుట్టూ చుట్టుముట్టారు" అంటే చెల్లుతుంది, ఇంగ్లీషు ఒప్పుకోదు. నీరు, కొండలు, జనం వాటంతట అవే చుట్టూ ఉంటే 'బై' పెట్టండి. ఎవరైనా పూనుకొని చుట్టూ ఏర్పాటు చేస్తే 'విత్' వస్తుంది: మా నాన్నగారు ఇంటిని కొబ్బరిచెట్లతో "సరౌండ్" చేశారంటే, "హీ సరౌండెడ్ ద హౌస్ విత్ కోకోనట్ ట్రీస్" అనాలి. 'సరౌండింగ్స్' అని పరిసరాలను చెప్పేటప్పుడు చివరి 'స్'ను మరవకండి, ఆ అర్థంలో దానికి ఏకవచనం లేదు.

చిన్నబ్బాయి భూగోళం పుస్తకంలో దీవికి నాలుగు వైపులా నీరు, ద్వీపకల్పానికి మూడు వైపులా నీరు అని ఉంటుంది, రెండింటికీ 'సరౌండెడ్' అనే వాడతారు. మూడు వైపులే ఉంటే చుట్టూ ఉన్నట్టు ఎలా అవుతుందని పట్టుబట్టే పండితులు ఉన్నారు. నన్నడిగితే "ఆన్ త్రీ సైడ్స్" అని స్పష్టంగా చెప్పిన తరువాత తప్పు పట్టడం చాదస్తం. మన కోనసీమకు ఆ తగువే లేదు. ధవళేశ్వరం దిగువన నది గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలి, వసిష్ఠ నుంచి వైనతేయ విడివడి, మూడూ సముద్రంలో కలుస్తాయి. గౌతమికీ వసిష్ఠకూ నడుమ, దక్షిణాన బంగాళాఖాతం కొట్టుకొనే ఈ నేలకు అన్ని వైపులా నీరే. పటం తెరిచి వేలితో ఆ గీతల మీద నడవండి, వేలు ఎత్తకుండానే బయలుదేరిన చోటికి చేరుకుంటుంది.

'ఎన్‌క్లోజ్' దీనికి దగ్గరిదే గానీ ఒకటి కాదు. దానిలో మూసివేయాలనే ఉద్దేశం ఉంటుంది. దడి దొడ్డిని ఎన్‌క్లోజ్ చేస్తుంది, కవరు ఉత్తరాన్ని ఎన్‌క్లోజ్ చేస్తుంది, గోదావరి లంకను అలా చేయదు, ఆవిడకు మనల్ని బంధించాలని ఏమీ లేదు. 'ఎన్‌కంపాస్' పెద్దల వ్రాతల్లో వచ్చే మాట, చుట్టి తనలో ఇముడ్చుకోవడం. పెద్ద తరగతులకు వచ్చాక చూసుకోవచ్చు. చుట్టుముట్టే పనికి మనవాళ్ళు ఇంగ్లీషుకు ఇచ్చిన మాట కూడా ఒకటి ఉంది, 'ఘెరావ్'. 1960ల్లో బెంగాలు కార్మికులు యజమానులను గదిలోంచి కదలనీయకుండా చుట్టూ కూర్చున్నప్పుడు అది ఎంత ప్రసిద్ధికెక్కిందంటే, ఇంగ్లీషు నిఘంటువులు దాన్ని చేర్చుకోక తప్పలేదు.

మనుషుల విషయంలోనూ ఈ క్రియ వాడతారు. "హీ సరౌండెడ్ హిమ్‌సెల్ఫ్ విత్ ఫ్లాటరర్స్" అంటే చుట్టూ పొగిడేవాళ్ళను పోగుచేసుకున్నాడని. అక్కడ 'విత్' ఎందుకు వచ్చిందో గమనించారా? వాళ్ళు వాటంతట వచ్చిన నీళ్ళు కారు, అతను ఏరి తెచ్చుకున్నవాళ్ళు. కాబట్టి బడిలో ఎవరి పక్కన కూర్చోవాలో మీరూ కాస్త చూసుకోండి. మన తెలుగులో చుట్టూ ఉండేవాళ్ళే చుట్టాలు. వాళ్ళను మాత్రం ఏరుకొనే వీలు లేదు, మీ పెద్దమామయ్యతో సహా.

దసరా సెలవులకు మీరు వచ్చే సరికి నీరు తీసేసి, కాజ్‌వే తేలి, ఆటోలు తిరుగుతుంటాయి. ఈసారి నీరు పశువుల పాకలోకి వచ్చింది గాని ఇంటి అరుగు ఎక్కలేదు. పాక గోడకు ఒండ్రు గీత ఒకటి మిగిలి ఉంటుంది, సున్నం వేయించవద్దని చెప్పి ఉంచుతాను. మీ నాన్న టేపు పట్టుకొని రండి. ఆ గీత నేల నుంచి నాలుగు గోడలకూ ఒకే ఎత్తున ఉండదు, తూర్పున ఎక్కువ, పడమట తక్కువ ఉంటుంది. అలా ఎందుకుందో, తేడా నీటిలో ఉందో నేలలో ఉందో మీరే కొలిచి, నీరు పాకను సరౌండ్ చేసిందనాలో ఇనండేట్ చేసిందనాలో తేల్చి, ఇంగ్లీషులో ఒక్క వాక్యం వ్రాసి నాకు చూపించండి.

ఇట్లు,
మీ తాతయ్య