గట్టిగా ఊదితే ట్రంపెట్ గొంతు ఎందుకు మారుతుంది?

"పెళ్లి ఊరేగింపులో ట్రంపెట్ చెవుల్లో గుచ్చుకుంటుంది. జాజ్ వాద్యకారుడు చెట్ బేకర్ చేతిలో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఇత్తడిలో తేడానా?" అని ఒక పాఠకుడు అడిగారు. ఇత్తడి నాణ్యతే నాదాన్ని నిర్ణయిస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. అసలు సంగతి లోపలి గాలిలో ఉంది.

1979లో కోపెన్‌హాగన్‌లో రికార్డయిన బేకర్ ఆల్బమ్ 'ద టచ్ ఆఫ్ యువర్ లిప్స్' వినండి. బేకర్ ట్రంపెట్, డగ్ రేనీ గిటార్, నీల్స్-హెన్నింగ్ ఆర్స్టెడ్ పెడర్సన్ బేస్. ముగ్గురే. డ్రమ్స్ లేవు.

ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు, అరిచినా గుసగుసలాడినా అంతే అని స్కూల్లో చెబుతాం. మామూలు శబ్దాలకు అది నిజమే. ట్రంపెట్ గొట్టంలో మాత్రం చెల్లదు. ఈ మినహాయింపు కూడా చెబితే పిల్లలు ఆ పాఠాన్ని ఎప్పటికీ మర్చిపోరు!

గట్టిగా ఊదినప్పుడు గొట్టంలో పీడనం వాతావరణ పీడనానికి 5 శాతం అటూ ఇటూ ఊగిందనుకుందాం. నొక్కుకున్న గాలి కాస్త వేడెక్కుతుంది, పైగా ముందుకు కదులుతూ ఉంటుంది. దాంతో తరంగ శిఖరం మామూలు ధ్వని కంటే దాదాపు 4 శాతం వేగంగా పోతుంది. లోయ వెనకబడుతుంది. గొట్టం పొడవు ఒకటిన్నర మీటర్లు. ఆ దూరమంతా ఇదే పీడనం నిలిస్తే శిఖరం 6 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. తీరం చేరే అల ముందుకు ఒరిగి నిటారుగా లేచినట్టే తరంగం ముందు అంచు నిలువవుతుంది. అంచు ఎంత నిటారైతే అన్ని ఎక్కువ హార్మోనిక్స్, అంటే అసలు స్వరంతో పాటు మోగే పై స్థాయి స్వరాలు. చెవికి గుచ్చుకునేవి అవే. ట్రాంబోన్ అనే మరో ఇత్తడి వాద్యంలో ఇది షాక్‌వేవ్ దాకా, అంటే పీడనం ఒక్కసారిగా ఎగిరే నిలువు అంచు దాకా వెళ్తుందని 1996లో పరిశోధకులు చూపించారు.

పీడనం పదో వంతుకు తగ్గిస్తే ఆ జరుగుడు 6 మిల్లీమీటర్లే. అల ఒరగదు, నాదం గుండ్రంగా ఉంటుంది.

బేకర్ మొదటి నుంచీ మెత్తగా వాయించేవాడే. 1966లో జరిగిన దాడి తర్వాత పళ్లు పోయి, కట్టుడు పళ్లతో మళ్లీ మొదటి నుంచి సాధన చేశాడు. పెదవులకు వెనక ఆనిక పళ్లే మరి. కోపెన్‌హాగన్ రికార్డింగులో డ్రమ్స్ లేవు కాబట్టి వాటితో ఉండే సింబల్స్ (పెద్ద తాళాలు) మోతను దాటి వినిపించాల్సిన పని లేదు, మైకు దగ్గరే ఉంది. గట్టిగా ఊదే అవసరమే రాలేదు. మీరు ఇంట్లో వాల్యూమ్ ఎంత పెంచినా ఆ రోజు గొట్టంలో అల ఉన్న తీరు మారదు కాబట్టి, శబ్దం పెరుగుతుందే కానీ పదునెక్కదు.